సెకండ్ హ్యాండ్ జేబు కెమెరా కొనే ముందు

పండగ ప్రయాణాలకు పాతదాని బదులు ఇంకోటి వెతుకుతున్నారా? డబ్బులిచ్చే ముందు ఇవి చూసుకోండి.

• సెన్సర్ (లెన్స్ వెనక వెలుగును ఫొటోగా మార్చే చిప్) సైజు. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. 1/2.3 అంగుళాల సెన్సర్ వెడల్పు సుమారు 6 మి.మీ., రాత్రి ఫొటోల్లో మంచి ఫోన్‌ను దాటడం కష్టం. "1 అంగుళం" అని రాసేది 13.2 మి.మీ. (పేరుకే అంగుళం!). జూమే ముఖ్యమైతే చిన్నదైనా ఫర్వాలేదు.

• తెల్లగోడను ఎఫ్ నంబర్ (పెరిగితే లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది) పెంచి, ఫుల్ జూమ్‌లో తీయండి. ప్రతి ఫొటోలో అదే చోట బూడిదరంగు మచ్చ కనిపిస్తే లోపల దుమ్ము చేరినట్టే. లెన్స్ విప్పందే పోదు, రిపేరు ఖర్చు కెమెరా ధరను మింగేస్తుంది.

• నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ చేయండి. లెన్స్ గరగరమంటూ వచ్చినా, మధ్యలో ఆగినా వద్దు.

• బ్యాటరీ ఉబ్బిందేమో బయటికి తీసి చూడండి. ఆ మోడల్ బ్యాటరీ కొత్తది దొరుకుతుందా?

• ఎస్‌డీహెచ్‌సీ (పెద్ద మెమరీ కార్డుల రకం) గుర్తు లేని పాతవాటిలో 2 జీబీ మించిన కార్డు సాధారణంగా పనిచేయదు. ఎక్స్‌డీ అనే పాతరకం మెమరీ కార్డుదైతే వదిలేయండి.