ఆర్‌ఎన్‌ఎస్ పెట్టించుకున్నాక ఇంట్లో ఏం చేయాలి

మందులకు లొంగని ఫిట్స్ మెదడులో ఒకటి రెండు చోట్ల నుంచే మొదలవుతుంటే, 18 ఏళ్లు నిండినవారికి అమెరికాలో న్యూరోపేస్ సంస్థ తయారుచేసే ఆర్‌ఎన్‌ఎస్ (రెస్పాన్సివ్ న్యూరోస్టిమ్యులేషన్) యంత్రం పెడుతున్నారు. అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి 2013లో అనుమతి ఇచ్చింది. పుర్రె ఎముకలో అమర్చే ఈ చిన్న యంత్రం లీడ్లనే సన్నని తీగల ద్వారా మెదడు సంకేతాలను రాత్రింబవళ్లు కనిపెడుతూ, తేడా రాగానే కాస్త కరెంటు పంపుతుంది. కరెంటు వచ్చిన సంగతే చాలామందికి తెలియదు.

ఏ సంకేతాన్ని పట్టుకోవాలో యంత్రానికి డాక్టరే నేర్పాలి. డాక్టరుకు రికార్డులు అందించాల్సింది మీరు. అందుకే మొదటి వారాల్లో సాధారణంగా కరెంటు ఇవ్వకుండా రికార్డు మాత్రమే చేయిస్తారు. అప్పుడు ఫిట్స్ వచ్చాయని ఆపరేషన్ వృథా అయిందనుకోకండి. గుణం నెలల మీద, ఏళ్ల మీద పెరుగుతుంది. మందులు మాత్రం సొంతంగా తగ్గించకూడదు.

రోజూ ఒకే వేళకు, రాత్రి మాత్రలప్పుడైతే మరీ మంచిది, రిమోట్ మానిటర్ ల్యాప్‌టాప్ తెరిచి, దాని వాండ్‌ను (డేటా చదివే చేతి పరికరాన్ని) యంత్రం ఉన్నచోట తలకు ఆనించి పట్టుకోండి. డేటా పూర్తిగా వచ్చేదాకా కదపకూడదు. మధ్యలో తెగిపోతుంటే వాండ్ పక్కకు జరిగిందేమో చూసి, కొద్దికొద్దిగా జరపండి. డాక్టరు చెప్పిన ప్రకారం, మామూలుగా వారానికోసారి, ఆ డేటాను ఇంటర్నెట్ ద్వారా పంపాలి. యంత్రంలో చోటు తక్కువ, కొత్త రికార్డు పాతదాన్ని చెరిపేస్తుంది. నాలుగు రోజులు బద్ధకిస్తే అసలు కావలసిన రికార్డే పోవచ్చు.

అందరూ పొరబడేది యంత్రంతో పాటు ఇచ్చే మ్యాగ్నెట్ దగ్గర. ఫిట్స్ వచ్చినా, వస్తున్నట్టు అనిపించినా యంత్రం మీద ఒక్క క్షణం ఉంచి తీసేయాలి. అది ఆ రికార్డును దాచమని చెప్పే గుర్తు. మెడ నరానికి పెట్టే వీఎన్‌ఎస్‌లో మ్యాగ్నెట్‌తో అదనపు కరెంటు వస్తుంది, ఇందులో రాదు. కంగారులో అలాగే అదిమి పట్టుకుంటే, పట్టుకున్నంతసేపూ చికిత్స ఆగిపోతుంది! ఇంట్లో అందరికీ ముందే చేసి చూపించండి. టైము, ఎలా వచ్చిందీ డైరీలో రాయండి. ఫిట్స్ 5 నిమిషాలు దాటితే యంత్రం ఉందని ఆగకుండా 911కు ఫోన్ చేయాలి.

మోడల్ పేరున్న కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి. పాత 300ఎం మోడల్ ఉంటే ఎంఆర్‌ఐ కుదరదు. 320 మోడల్‌కి తగిన లీడ్లుంటే 1.5 టెస్లా (అయస్కాంత బలం) మెషీన్లో చేయించుకోవచ్చు, అదీ ముందు యంత్రాన్ని ఎంఆర్‌ఐ మోడ్‌లో పెట్టాకే. స్కాన్ అయ్యాక చికిత్స మళ్లీ ఆన్ చేశారా అని అడగండి.

ఇండియా వెళ్లినప్పుడు రెండు జాగ్రత్తలు. మోకాలి నొప్పికైనా సరే, ఫిజియోథెరపీలో డయాథర్మీ (తరంగాలతో లోపల వేడి పుట్టించే చికిత్స) వద్దనండి, లీడ్లు వేడెక్కి మెదడు దెబ్బతినొచ్చు. తిరుమలలో గుండు మొక్కు ఉంటే ముందు సర్జన్‌ను అడగండి. మచ్చ మీద కత్తి గాటు పడితే ఇన్ఫెక్షన్ యంత్రం దాకా పోవచ్చు. మూడు కత్తెరలతో మొక్కు తీర్చుకోవచ్చు. మచ్చ దగ్గర ఎరుపు, వాపు, చీము కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చెప్పండి.