ధాన్యం బస్తా ఎత్తే ముందు నడుము జాగ్రత్తలు

దాళ్వా (రెండో పంట) కోతలై కళ్లంలో బస్తాలు కదిపే రోజు వచ్చిందంటే, ముందు ఇవి చూసుకోండి.

• మన గోదావరి జిల్లాల లెక్కలో బస్తా అంటే 75 కిలోలు. ఇద్దరు పట్టాల్సిందే. పౌరుషానికి పోయేవాళ్లు ఊరికొకరుంటారు, వాళ్లతో పందెం వద్దు.

• నిద్ర లేవగానే బరువు పట్టొద్దు. రాత్రి పడుకున్నప్పుడు వెన్నులోని డిస్కులు నీరు పీల్చుకుని బిగుసుకుని ఉంటాయి. కాసేపు అటూ ఇటూ నడవండి.

• పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, బస్తాను పొట్టకు ఆనించుకుని కాళ్ల బలంతో లేవాలి. ట్రాక్టర్ వైపు తిరిగేటప్పుడు నడుము మెలితిప్పకుండా అడుగులే తిప్పండి. చాలాసార్లు పట్టేసేది ఈ మలుపులోనే.

• కింద పరిచిన బరకం (టార్పాలిన్) తడిగా ఉంటే తుడవండి, కాలు జారుతుంది.

• నడుముకు బెల్టు ఉందిగా అన్న ధీమా వద్దు.

• ఇప్పటికే నడుము పట్టేసి ఉంటే బరువుల జోలికి పోవద్దు. అలాగని రోజుల తరబడి మంచమూ ఎక్కొద్దు. మెల్లగా తిరుగుతుంటేనే త్వరగా సర్దుకుంటుంది.

• కాలు పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం బిగుసుకుపోయినా మాలిష్‌లంటూ కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.