ఓడ ఆగే ఆ ఒక్క పూటలో కొచ్చి చూడాలంటే

ఒడిశాలోని మన రాయగడ, పర్లాకిమిడి వైపు వాళ్ళకి సముద్రం చూడాలంటే విశాఖో గోపాల్‌పూరో పోవాలి. ఓడ సంగతి మాత్రం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం, తాతల కాలంలో గంజాం జిల్లా వాళ్ళు గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగం, అంటే బర్మా, పోయేవాళ్ళట, కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. పోయిన జనవరిలో అమ్మనీ అత్తయ్యనీ తీసుకుని నేను ముంబై నుంచి కొచ్చి వెళ్ళే క్రూజ్ ఎక్కాను. వచ్చాక మా వీధిలో నలుగురైదుగురు ఎలా వెళ్ళాలి, ఏం చూడాలి అని అడిగారు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఓడ కొచ్చిలో వారంలో ఏ రోజు ఆగుతుందో. నిజంగా టికెట్ ధర కంటే ముందు ఇదే చూడండి. కొచ్చిలో చూడాల్సిన వాటిలో మట్టంచేరి ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు. యూదుల ప్రార్థనా మందిరం శనివారం పూర్తిగా మూసేస్తారు, శుక్రవారం మధ్యాహ్నం నుంచే లోపలికి రానివ్వరు, వాళ్ళ పండగ రోజుల్లోనూ అంతే. ఆదివారం పొద్దున చర్చిల్లో ప్రార్థనలు జరుగుతుంటాయి కాబట్టి చూడ్డానికి మధ్యాహ్నం దాకా ఆగాలి. అంటే సోమవారం నుంచి గురువారం లోపు ఓడ ఆగే ట్రిప్ దొరికితే అదే తీసుకోండి, రెండు మూడు వేలు ఎక్కువైనా సరే.

నెలల విషయానికొస్తే అక్టోబరు నుంచి మార్చి దాకా మంచిది. జూన్ వస్తే అరేబియా సముద్రం మీద వానాకాలం మొదలవుతుంది, అలలు పెద్దవాళ్ళకి కష్టం.

రాయగడ నుంచి విశాఖ, అక్కడి నుంచి ముంబైకి లోకమాన్య తిలక్ ఎక్స్‌ప్రెస్. బరంపురం వాళ్ళకి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ నేరుగా ఉంది. ఏ రైలైనా సరే, ఓడ కదిలే రోజుకి ఒక రోజు ముందే ముంబై చేరిపోండి, రైలు ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు, డబ్బులూ తిరిగి రావు. ఒకవైపు మాత్రమే ఓడలో వెళ్ళి కొచ్చిలో దిగిపోయే ట్రిప్ దొరికితే మన రాయగడ వాళ్ళకి ఇంకా సుఖం, ఎందుకంటే మనం ఇప్పటికీ బొకారో అని పిలిచే ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ కొచ్చి పక్కనే ఉన్న ఎర్నాకుళం మీదుగా వచ్చి మన స్టేషన్‌లోనే దింపుతుంది.

మన దేశం లోపలే తిరిగే క్రూజ్‌కి పాస్‌పోర్ట్ అక్కర్లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అసలుది ఉండాలి. బయట వండిన తిండి సాధారణంగా ఓడలోకి రానివ్వరు, ఆవకాయ సీసా పెట్టుకునే ముందు బుక్ చేసినచోట అడగండి. గది బుక్ చేసేటప్పుడు కింది అంతస్తులో, ఓడ మధ్య భాగంలో ఉన్నది అడిగితే ఊపు తక్కువగా తెలుస్తుంది. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు, డాక్టర్‌ని అడిగి ముందే వేసుకోవాలి. అత్తయ్య వద్దంది, మొదటి రాత్రంతా కూర్చునే ఉంది పాపం.

ఇప్పుడు అసలు రోజు. కాగితం మీద ఓడ పొద్దున 8 గంటలకి ఆగి సాయంత్రం 5కి కదులుతుంది అని ఉంటే తొమ్మిది గంటలు దొరికాయనుకుంటాం. దొరకవు. దిగడానికి అనుమతి వచ్చి, వరస కదిలి, గేటు దాటేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, కదిలే టైముకి గంట ముందే అందరూ లోపల ఉండాలంటారు, ఓడ మిస్ అవుతుందేమోనన్న టెన్షన్ లేకుండా ఉండాలంటే ఇంకో గంట ముందే బయల్దేరాలి. రానుపోను దారి, భోజనం తీసేస్తే చేతిలో మిగిలేది నాలుగు గంటలు. అందుకే ఎర్నాకుళం, మాల్, బ్యాక్‌వాటర్ బోటు అని అన్నీ పెట్టుకోకండి. మట్టంచేరి, ఫోర్ట్ కొచ్చి, ఈ రెండే చాలు, పక్కపక్కనే ఉంటాయి.

ఓడలు ఆగేది విల్లింగ్‌డన్ దీవిలో. హార్బర్ లోతు చేయడానికి తవ్విన మట్టితో 1920ల నుంచి మనుషులు కట్టిన దీవి అది, రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజినీరు పని. ఆటోలు ఓడ దాకా రావు, గేటు బయట మాట్లాడుకోవాలి. ఓడ వాళ్ళే అమ్మే టూర్ ఉంటుంది, ఖరీదెక్కువ, కానీ ఆలస్యమైతే ఆ బాధ్యత వాళ్ళది కాబట్టి ఒంటరిగా వెళ్ళే పెద్దవాళ్ళకి అదే నయం. ముగ్గురు నలుగురు ఉంటే పూటకి ఆటో మాట్లాడుకోండి, అయితే దుకాణాల దగ్గర ఆపొద్దని ఎక్కేముందే గట్టిగా చెప్పండి. మేము చెప్పలేదు. కమిషన్ కోసం ఒక పెద్ద షాపుకి తీసుకెళ్తే అక్కడ ముప్పావు గంట పోయింది, ఆ ముప్పావు గంట గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ముందు మట్టంచేరే వెళ్ళాలి, ఎందుకంటే యూదుల మందిరం ఒంటిగంటకి మూసి మళ్ళీ మూడింటికి గానీ తెరవరు. 1568లో కట్టారు దాన్ని. నేల మీద చైనా నుంచి తెచ్చిన తెలుపు నీలం పలకలు, చేత్తో గీసినవి, ఒకదానిలా ఇంకొకటి ఉండదంటారు. చెప్పులు బయట విడిచి ఆ నేల మీద నడుస్తుంటే చల్లగా ఉంది.

అక్కడికి దగ్గర్లోనే ప్యాలెస్. బుడతకీచులు, అంటే పోర్చుగీసువాళ్ళు, పదహారో శతాబ్దం మధ్యలో కొచ్చి రాజుకి కట్టించి ఇచ్చారు, 1663లో ఊరు గెలిచిన డచ్చివాళ్ళు తర్వాత బాగుచేయించారు కాబట్టి డచ్ ప్యాలెస్ అనే పేరు నిలిచింది. బయటికి మామూలు పెంకుటిల్లులా ఉందని తొందరగా వచ్చేయకండి. రాజు పడకగదిలో గోడల నిండా రామాయణం. కావి, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో బొమ్మ పక్కన బొమ్మ, మధ్యలో వేలు పెట్టే సందు లేదు. ఫొటోలు తీయనివ్వరు, అదీ మంచిదే అయింది. మా అమ్మ పెద్దగా చదువుకోలేదు, గైడ్ అవసరం లేకుండా ఒక్కో గోడ చూపించి ఇది ఫలానా ఘట్టం అని అత్తయ్యకి చెప్పుకుంటూ పోయింది, వెనక వచ్చిన ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్ళు కూడా ఆగి విన్నారు. ఇక్కడికి గంట కేటాయించండి, తగ్గించొద్దు.

మందిరం ముందు వీధంతా సుగంధ ద్రవ్యాల దుకాణాలే, ఈ ఊరికి అంతంత దూరం నుంచి ఓడలు వచ్చింది మిరియాల కోసమే కదా. మిరియాలు, యాలకులు కొనండి. పసుపు, అల్లం కొనొద్దు, మన కొరాపుట్ సంతలో దొరికే అల్లం, కంధమాల్ పసుపు ఉండగా అక్కడి నుంచి మోసుకురావడం దేనికి? మిరియాలు కొనేముందు గ్లాసు నీళ్ళలో నాలుగు గింజలు వేయమనండి, మంచివి మునుగుతాయి, బొప్పాయి గింజలు కలిపితే అవి తేలతాయి.

భోజనం అక్కడే కానిచ్చేయండి. అన్నం లావుగా, ఎర్రగా ఉంటుంది, దాన్ని మట్ట బియ్యం అంటారు, అలవాటు లేనివాళ్ళు తెల్లన్నం కావాలని అడగొచ్చు. చేపలు తినేవాళ్ళు కరిమీన్ వదలొద్దు.

ఆ తర్వాత ఫోర్ట్ కొచ్చి. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కో డ గామాని 1524లో పాతిపెట్టారు, తర్వాత ఎముకలు పోర్చుగల్ తీసుకెళ్ళారు, ఆ రాయి మాత్రం ఇంకా ఉంది. పది నిమిషాలు చాలు. అక్కడి నుంచి నడిచి ఒడ్డుకి వెళ్తే చీనా వలలు. ఒక పెద్ద కర్రల చట్రానికి వల వేలాడుతుంటుంది, వెనక తాళ్ళకి రాళ్ళు కట్టి ఉంటాయి, నలుగురైదుగురు కలిసి లాగితే ఆ రాళ్ళ బరువు సాయంతో వల పైకి లేస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళని ఇక్కడ నీడలో కూర్చోబెట్టండి, వాళ్ళకి పొద్దు తెలియదు. వలలు లాగేవాళ్ళు మిమ్మల్నీ తాడు పట్టుకోమంటారు, తర్వాత కాస్త డబ్బు ఇవ్వాల్సి ఉంటుంది, ఎంతో ముందే అడగండి.

దిగేటప్పుడు ఓడ వాళ్ళిచ్చిన కార్డు, గుర్తింపు కార్డు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండేలా చూడండి, ఒకరి సంచిలో అందరివీ పెట్టొద్దు. ఆ రోజు ఓడలో ఇచ్చే కాగితంలో టైము, ఫోన్ నంబరు ఉంటాయి, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. గడియారం కూడా ఓడ టైముకే పెట్టుకోండి.

ఎక్కేశాక గదిలో పడుకోకండి. ఓడ బయటికి వెళ్ళేది ఫోర్ట్ కొచ్చికీ వైపిన్ దీవికీ మధ్య నుంచే, పై అంతస్తులో ఎడమ పక్కన నిలబడితే మధ్యాహ్నం చూసిన వలలే పైనుంచి కనిపిస్తాయి. మేము అమ్మకి కుర్చీ తెచ్చి అక్కడే వేశాం.