రాజ్కుమార్ కాదు, రాజ్‌కుమార్

మా బావ పెళ్ళి శుభలేఖను పత్రాలు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌లో నేనే కూర్చాను. ‘రాజ్‌కుమార్’ అని కొడితే ‘రాజ్కుమార్’ అని వచ్చింది. జ కింద క వత్తు! పెళ్ళికొడుకు పేరే తప్పయితే అత్తయ్య ఊరుకుంటుందా? ఆ కంగారులో, ఫాంటును ఉచితంగా తయారుచేసి పెట్టిన స్వచ్ఛంద సేవకులకు ‘మీ ఫాంటు పనికిరాదు’ అని రాసేశాను.

మర్నాడు వారిలో ఒకరు ఓపికగా జవాబిచ్చారు. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో పొల్లు తర్వాత హల్లు వస్తే అది వత్తుగా మారాల్సిందే. ఫాంటు తన పని సరిగానే చేసింది. రెంటినీ విడదీయాలంటే మధ్యలో కంటికి కనిపించని సంకేతం ఒకటి ఉండాలి; దాని యూనికోడ్ సంఖ్య 200సి (ఆంగ్లంలో 200C). పొల్లు పక్కన కర్సర్ పెట్టి, కీబోర్డును ఆంగ్లంలోకి మార్చి, 200సి అని కొట్టి, ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కాను. అంకెలు మాయమై, వత్తు పైకి లేచి వరుసలో కూర్చుంది. ‘సాఫ్ట్‌వేర్’కూ ఇదే మందు.

దీనికి పట్టింది అర నిమిషం. క్షమాపణ రాయడానికి మాత్రం రెండు రోజులు! మూడుసార్లు రాసి చెరిపి, చివరికి ‘పొరపాటు నాదే’ అని ఒక్క ముక్క పంపి ఫిర్యాదు మూసేశాను. ఆయన ఒక నవ్వు బొమ్మ పెట్టి, ఈ చిట్కాను తెలుగు సహాయ పుటలో మీరే చేర్చండి అన్నారు. చేర్చాను, ఉదాహరణగా బావ పేరే పెట్టి.