చాక్లెట్ల కుప్పను చూడటం ఎలా

ఇన్‌స్టలేషన్ కళను, అంటే వస్తువులను ఒక చోట అమర్చి ఆ అమరికనే కృతిగా చూపే కళను, చూడటం అలవాటు లేనివారు అమెరికన్ కళాకారుడు ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో రూపొందించిన చాక్లెట్ల కుప్పతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఆ కృతి పేరు ‘శీర్షిక లేదు’. పక్కనే బ్రాకెట్లలో మాత్రం ‘లాస్ ఏంజెలెస్‌లో రాస్ చిత్తరువు’ అని ఉంటుంది.

గదిలో అడుగుపెట్టగానే గోడ మీది వివరాల పలక చదవకండి. రంగురంగుల సెల్లోఫేన్ కాగితాలు చుట్టిన బిళ్లలు మూలన కుప్పగా పడి మెరుస్తూ, పెళ్లివారు పంచడానికి తెచ్చి మరిచిపోయారేమో అనిపిస్తాయి. ఆ సరదాను కాసేపు అలాగే ఉండనివ్వండి.

తర్వాత ఒకటి తీసుకోండి. మ్యూజియంలో దేన్నీ ముట్టుకోకూడదని చిన్నప్పటినుంచీ విన్నవాళ్లం కాబట్టి చెయ్యి వెనకాడుతుంది గానీ, ఇక్కడ తీసుకోవచ్చు; సందేహముంటే సిబ్బందిని ఒక మాట అడగండి. కాగితం విప్పి బిళ్లను నోట్లో వేసుకుని, అది కరుగుతుండగా అప్పుడు పలక దగ్గరికి వెళ్లండి.

రాస్ లేకాక్ కళాకారుడి జీవిత సహచరుడు. ఎయిడ్స్ సంబంధిత అనారోగ్యంతో 1991లో మరణించాడు. కుప్పకు నిర్దేశించిన ఆదర్శ బరువు 175 పౌండ్లు, అంటే సుమారు 79 కిలోలు. అది రాస్ ఆరోగ్యంగా ఉన్నప్పటి బరువని చాలామంది చెబుతారు, సగటు మనిషి బరువనేవారూ ఉన్నారు. మనకు ప్రసాదం గుర్తుకు రావడం సహజమే, కానీ ప్రసాదం ఎంత పంచినా దేవుడు తరగడు, ఇక్కడ మనిషి తరుగుతాడు. వీలైతే మరో రోజు వెళ్లి కుప్ప ఎంత ఉందో చూడండి: మళ్లీ నింపాలా వద్దా అన్నది కళాకారుడు ప్రదర్శించేవారికే వదిలేశాడు.

పలకనే పూర్తిగా నమ్ముకోవద్దు. 2022లో షికాగోలోని పలకపై రాస్ ప్రస్తావన, ఎయిడ్స్ ప్రస్తావన లేవని విమర్శలు వచ్చాక దాన్ని మార్చారు. బ్రాకెట్లలోని పేరు మాత్రం మొదటినుంచీ అక్కడే ఉంది.

ఇదే పద్ధతిలో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమాలో ఉన్న ఆయన జంట గడియారాలనూ చూడవచ్చు. ఒకేలాంటి రెండు మామూలు గోడ గడియారాలను ఒకే సమయానికి తిప్పి, ఒకదానికొకటి తాకేలా తగిలిస్తారు. కనీసం ఒక నిమిషం నిలబడి సెకన్ల ముళ్లను మాత్రమే చూడండి. వాటి మధ్య తేడా కంటికి ఆనుతుందేమో గమనించండి. కళాకారుడు కూడా ఎయిడ్స్‌తోనే 1996లో, 38 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఒక గడియారం ఆగిపోతే బ్యాటరీ మార్చి, రెండింటినీ మళ్లీ ఒకే సమయానికి తిప్పుతారు.