నెల్లూరు ఎండల్లో స్కాటిష్ ఏల్ రుచి చూడాలంటే

ఎడిన్‌బరోలో ఉండే మా బావ మొన్న మే నెలలో నెల్లూరు వస్తూ, లుంగీల మధ్య చుట్టి రెండు సీసాల ఆర్గానిక్ ఏల్ (ఒక రకం బీరు) తెచ్చాడు. మొదటిది నేనే పాడు చేశా. మన అలవాటు కొద్దీ ఫ్రీజర్లో పడేసి, సీసా పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా అయ్యాక గటగటా తాగేశా. సోడాకీ దానికీ తేడా తెలియలేదు. రెండోదాని దగ్గర నేర్చుకున్నది చెప్తాను.

సీసాని నిలబెట్టే ఉంచండి. కొన్ని ఏల్స్ సీసాలో కూడా ఇంకాస్త పులుస్తాయి, అడుగున ఈస్ట్ మడ్డి దిగుతుంది. కిటికీ పక్కన అసలు పెట్టొద్దు, వెలుతురు తగిలితే హాప్స్‌లోని (బీరుకి చేదు కోసం వేసే పూలు) చేదు పదార్థాలు మారిపోయి అదోరకం కంపు పుడుతుంది (గోధుమరంగు సీసా అయితే కాస్త నయం).

అసలు కిటుకంతా చల్లదనంలో ఉంది. 10 నుంచి 13 డిగ్రీల మధ్య తాగాలి. మన ఫ్రిజ్ నాలుగైదు డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి బయటకి తీసి, మే నెల అయితే పదిహేను ఇరవై నిమిషాలు, డిసెంబర్లో అయితే ఇంకాసేపు ఆగండి. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, వాసన పైకి లేవదు, వాసన లేకపోతే ఇందులో ఇంకేముంది? మా వాడొకడు 'వెచ్చటి బీరేందిరా' అని మొహం చిట్లించాడు గానీ గ్లాసు మాత్రం కిందపెట్టలేదు.

స్టీలు గ్లాసొద్దు, గాజుదే కావాలి. సబ్బు జిడ్డుంటే నురగ నిలవదు, బాగా తొలవండి. గ్లాసు వంచి మెల్లగా పోసి, మడ్డి కదిలేలోపు ఆపేయండి.

తాగేముందు ముక్కు దగ్గర పెట్టుకోండి. బెల్లం పాకం ముదురుతూ రంగు తిరిగేటప్పుడు ఇల్లంతా వస్తుందే, దాదాపు ఆ వాసన, దానికి తోడు వేయించిన గింజల వాసన. ఇదంతా మాల్ట్ మహిమ, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. స్కాటిష్ ఏల్‌లో మాల్ట్ ముందుంటుంది, హాప్స్ చేదు వెనకే. స్కాట్లాండ్ అనగానే విస్కీలో ఉండే పొగ వాసన కోసం వెతక్కండి, మామూలుగా ఇందులో ఉండదు. చిన్న గుక్క తీసుకుని నాలుక మీద రెండు క్షణాలు ఆపి, మింగి, ముక్కుతో గాలి వదలండి, దాగున్న రుచి అప్పుడు బయటపడుతుంది.

లేబుల్ మీద 60, 70, 80 షిల్లింగులని ఉంటే కంగారుపడకండి. అది పాత బ్రిటిష్ నాణేల్లో ఒకప్పటి పీపా ధర, అంకె పెరిగేకొద్దీ ఆల్కహాల్ ఘాటు పెరుగుతుంది. ఇక ఆర్గానిక్ అంటారా, రసాయన ఎరువులూ పురుగుమందులూ లేకుండా పండించిన బార్లీతో చేస్తారు. స్కాట్లాండ్‌లో ఇన్వర్నెస్ ఊరికి ఉత్తరాన బ్లాక్ ఐల్‌లో 1998లో పెట్టిన బ్రూవరీ (బీరు తయారుచేసే చోటు) ఒకటి ఆర్గానిక్ బీరుకే పేరుపడింది (ఐల్ అంటే దీవి, కానీ అది దీవి కాదు, ద్వీపకల్పం). నాలుకకి మాత్రం ఆ తేడా తెలుస్తుందని నేననుకోను.

నంజుకోవడానికి కారం దోసె, చేపల పులుసు వద్దు. కారానికి గ్యాస్ తోడైతే నోరు మండడమే మిగులుతుంది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు బాగుంటాయి. అంతకంటే బాగుండేది మలై కాజా, పాకం తీపి మీద ఆ కొసరు చేదు తగిలితే, అబ్బో... బావ మళ్లీ సంక్రాంతికి వస్తానన్నాడు, కాజాలు నావి, సీసాలు ఆయనవి.