తల ఊగే మా పిల్లి తనంతట తాను తినడానికి ఏం చేశామంటే

మాది కావలి. ఇంట్లో చూపు లేని కుక్క ఒకటి, మూడు కాళ్ల కుక్క ఒకటి, బస్టాండు దగ్గర దొరికిన పిల్లికూన బుజ్జి. బుజ్జికి పుట్టుకతోనే చిన్నమెదడు (ఒంటి కదలికలను అదుపులో ఉంచే మెదడు భాగం) సరిగా ఎదగలేదు. తల్లి చూలుతో ఉన్నప్పుడు పిల్లులకు వచ్చే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ సోకితే కూనలు ఇలా పుట్టవచ్చు. నొప్పి ఉండదు, వయసుతో ముదరదు. కానీ తినడానికి వంగగానే తల ఊగిపోయి మూతి నేలకు కొట్టుకునేది, గిన్నె బోర్లా పడేది.

వెడల్పు పళ్లెం, బరువు గిన్నె, చేత్తో తినిపించడం అన్నీ చూశాం, కుదరలేదు.

పనిచేసింది ఇది. మొదట గది మూలన గోనెపట్టా పరిచాను. టైల్స్ మీద కాళ్లు జారే కొద్దీ తల ఇంకా ఊగుతోందని గమనించడానికే నాకు నెల పట్టింది. తర్వాత అమ్మ వాడని చిన్న రాతి కల్వాన్ని పీట మీద పెట్టి, అంచు బుజ్జి ఛాతీ ఎత్తుకు వచ్చేలా చూశాను. మెడ వంచే పని తప్పడమే అసలు కిటుకు అనుకుంటున్నాను. ఆపైన బుజ్జిని ఒక పక్క గోడ, ఇంకో పక్క చుట్టిన పాత దుప్పటి ఆనేలా నిలబెట్టాను. చివరగా ఉడికించిన చేప ముళ్లు తీసి, అన్నంలో కలిపి చిన్న ముద్దలుగా పెట్టాను. పలచగా ఉంటే చిమ్మేస్తుంది.

మొదటి రోజు సగం బయటే పడింది. నాలుగో రోజు కల్వం ఖాళీ! ఆ పూట మా అమ్మ కళ్లు తుడుచుకుంది.

బుజ్జి కాస్త నిలబడగలదు. అసలు నిలబడలేని పిల్లులకు ఇది సరిపోతుందని చెప్పలేను. బాగున్న పిల్లికి ఉన్నట్టుండి తల ఊగడం మొదలైతే మాత్రం అది వేరే జబ్బు, వెంటనే పశువుల డాక్టరుకు చూపించండి.